కుడి చెవి రవాణా శాఖ వారిది

మా జిల్లా రవాణా అధికారి తాళ్ళూరి పరబ్రహ్మం గారి జీపుకి ఒకరోజు దారి దొరకలేదు. కొమ్మూరుపాడు బైపాసులో ఒక కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాటకి తగ్గట్టు తలాడిస్తూ, బండిని రోడ్డు మధ్యన తాపీగా తోలుకుపోతున్నాడు. వెనక జీపు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. సైరన్ కూడా వేసింది. కుర్రాడు తలాడిస్తూనే ఉన్నాడు. ఊరేగింపులో స్వామివారి వెనక నడిచే భక్తుడిలా జీపు అతని వెనకాలే రైల్వే గేటు దాకా వెళ్ళవలసి వచ్చింది.

ఇంకెవరైనా అయితే ఆ కుర్రాడికి నాలుగు చివాట్లు పెట్టి వదిలేసేవారు. పరబ్రహ్మం గారు అలాంటి మనిషి కారు. ఆయనకి మనుషుల మీద కోపం రాదు. వస్తే సమాజం మీదే వస్తుంది. ఆ సాయంత్రానికే ఉత్తర్వు వెలువడింది.

“జిల్లా పరిధిలో ద్విచక్ర వాహనములు నడుపు యావన్మంది చోదకుల కర్ణములు ప్రయాణ కాలమందు సంపూర్ణముగా తెరచి ఉండవలెను. సదరు కర్ణములందు ఇయర్‌ఫోను, దూది, వేలు, పువ్వు వగైరా ఏ పదార్థమునూ ఉంచరాదు.”

పువ్వు సంగతేమిటని విలేకరులు అడిగారు. “ప్రజల చెవుల్లో పువ్వులు పెట్టే పని మా శాఖ చేయదు, ఇతరులను చేయనివ్వదు” అన్నారు పరబ్రహ్మం గారు. ఈ మాటని అందరూ రాసుకున్నారు.

ఆ ఉత్తర్వుకి మొదటగా దొరికినవాడు నాదస్వరం జిలానీ.

షేక్ జిలానీ ఇంట్లో తాతల నాటి నుంచీ నాదస్వరమే వృత్తి. చుట్టుపక్కల ఏ గుళ్ళో కల్యాణం జరిగినా, ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా జిలానీ మేళం ఉండాల్సిందే. అతని పక్కన డోలు రాఘవులు. రాఘవులు బాగా పెద్దవాడు. జిలానీ తండ్రి పక్కన కూడా అతనే వాయించాడు. అందుకని జిలానీ అతన్ని మామా అని పిలుస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకటే మోటారు సైకిలు. నాదస్వరం పెట్టె వీపుకి తగిలించుకుని జిలానీ నడిపేవాడు. డోలు ఒళ్ళో పెట్టుకుని రాఘవులు వెనక కూర్చునేవాడు. ఏ ఊళ్ళో పిలుపు ఉన్నా ఆ బండి మీదే పోయి, ఆ బండి మీదే వచ్చేవారు.

దారిలో జిలానీ ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని తండ్రి పాత కచేరీలు వినేవాడు. క్యాసెట్లలో ఉన్నవాటిని ఎవరితోనో ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. కొత్తగా ఏం నేర్చుకోవాలన్నా అతనికి అదే బడి.

బైపాసు దగ్గర బ్రేక్ ఇనస్పెక్టరు సువార్తరావు చెయ్యెత్తి బండి ఆపాడు. సువార్తరావు చాలా నిజాయితీపరుడు. లంచం పట్టడు, సిఫార్సు వినడు, ఉత్తర్వులో ఉన్న అక్షరం తప్ప మరేదీ ఎరగడు. అతన్ని చూస్తే లారీల వాళ్ళకే కాదు, అతని పై అధికారులకి కూడా భయమే.

“చెవిలో ఏంది?” అన్నాడు సువార్తరావు.

“మా నాయన సార్.”

“మీ నాయనా?”

“ఆయన వాయించిన ఖరహరప్రియ సార్. రేపు గుళ్ళో వాయించాల. అందుకని ఇంటన్నా...”

“ఏ ప్రియ అయినా చెవిలో ఉండగూడదు. తియ్యి.”

జిలానీ తీశాడు. జరిమానా కట్టాడు. ఆ రోజు నుంచి చెవులు బార్లా తెరుచుకుని బండి నడపడం మొదలుపెట్టాడు. పాట లేకపోయేసరికి, ఇన్నేళ్ళూ పాట కింద దాక్కున్న చప్పుడు బయటపడింది. హెల్మెట్‌లో గాలి హోరుమంటోంది. బండి దిగాక కూడా ఆ హోరు ఆగడం లేదు. సన్నగా, తెగకుండా, చెవిలోపల ఎవరో ఈల వేస్తున్నట్టు.

మొదట అతను పట్టించుకోలేదు. ఒకనాడు పొద్దున గుళ్ళో సేవ అయ్యాక శ్రుతి పెట్టె కట్టేశాడు. శ్రుతి ఆగలేదు. పెట్టె వంక చూశాడు. అది మూగగా ఉంది. మోగుతున్నది తన చెవి. పైగా తన శ్రుతికి పిసరంత ఎక్కువలో మోగుతోంది. ఇందాక వాయిస్తున్నప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన మొహం ఎందుకు చిట్లించాడో జిలానీకి అప్పుడు అర్థమైంది. వేళ్ళు పోతే ఇంకో పని చేసుకోవచ్చు. చెవి పోతే నాదస్వరం వాడికి ఇంకేం మిగిలినట్టు?

మర్నాడే పెద్దాసుపత్రికి పోయాడు. చెవి డాక్టరు వకుళాదేవి గారు లోపలికి లైటు వేసి చూసి, చెవుల మీద ఏవో మోతలు మోగించి పరీక్ష చేశారు.

“రోజూ ఎంతసేపు బండి మీద ఉంటావు?”

“పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే బండి మీదే బతుకు గదమ్మా.”

“అదీ సంగతి. హెల్మెట్‌లో గాలి చేసే మోత తక్కువనుకోకు. వేగంగా పోతే పిండిమర పక్కన కూర్చున్నట్టే. దానిమీద పాట వినపడాలని సౌండు పెంచి ఉంటావు, అదింకో దెబ్బ. బండి మీద పాటలు మానెయ్యి. ఇవి పెట్టుకో” అంటూ రెండు మెత్తటి బిరడాలు ఇచ్చారు.

“మరి హారన్లు ఇనపడాల గదమ్మా?”

“వినపడతాయి. ఇవి హోరుని తగ్గిస్తాయంతే. లోకాన్ని మూసెయ్యవు.”

జిలానీ అవి పెట్టుకుని బండి నడిపాడు. హోరు సగానికి పైగా తగ్గింది. హారన్లు ఆవిడ చెప్పినట్టే వినపడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. బైపాసు దాకా లేచే ఉంది. అక్కడ సువార్తరావు చెయ్యెత్తాడు.

“డాక్టరమ్మ పెట్టుకోమంది సార్.”

“ఉత్తర్వులో డాక్టరమ్మ మాట లేదు. ‘వగైరా ఏ పదార్థమునూ’ అని ఉంది. ఇది పదార్థమా, కాదా?”

పదార్థమేనని జిలానీ ఒప్పుకోక తప్పలేదు.

ఈ సంగతి అతను పోయి వకుళాదేవి గారితో చెప్పుకున్నాడు. చెప్పుకోకుండా ఉండాల్సింది. ఆవిడ అప్పటికే జిల్లా శ్రవణ ఆరోగ్య అధికారి కూడాను. ఆ పదవి ఇచ్చినప్పటి నుంచీ చేయడానికి పని దొరకక ఉక్కిరిబిక్కిరి అవుతున్నారు. ఆసుపత్రిలో ఆవిడ డాక్టరు. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే మాత్రం ఆవిడా అధికారే. వారం తిరగకుండా ఆరోగ్య శాఖ నుంచి ‘కర్ణ రక్ష మహోద్యమం’ వెలువడింది. ద్విచక్ర వాహనం మీద కూర్చున్న ప్రతి వ్యక్తీ రెండు చెవులనూ విధిగా మూసుకోవాలి. బండి ఆగి ఉన్నా సరే, తోసుకుపోతున్నా సరే. మూసుకోనివారికి జరిమానా.

ఇప్పుడు మా జిల్లాలో చెవులు తెరిచి ఉంచాలని ఒక చట్టమూ, మూసి ఉంచాలని ఒక చట్టమూ ఉన్నాయి. రెండింటినీ రెండు శాఖలూ నిష్ఠగా అమలు చేశాయి. బైపాసు మీద రవాణా శాఖ వారి షామియానా పక్కనే ఆరోగ్య శాఖ వారి షామియానా లేచింది. మొదటి షామియానాలో మూసిన చెవులకి రసీదు, రెండో షామియానాలో తెరిచిన చెవులకి రసీదు. జనం త్వరగానే అలవాటు పడ్డారు. మొదటి షామియానా ముందు బిరడాలు పీకి జేబులో వేసుకునేవారు, రెండు షామియానాల మధ్య బండి ఆపి మళ్ళీ పెట్టుకునేవారు. అలా ఆగిన బండ్లతో అక్కడో చిన్న సంత తయారైంది. దూది అమ్మేవాళ్ళూ, టీ అమ్మేవాళ్ళూ వచ్చారు. ఎదురు దిశలో వచ్చేవాళ్ళ క్రమం తిరగబడి ఉండేది కాబట్టి, వాళ్ళు పెట్టుకునీ తీసీ తికమకపడి రెండు చోట్లా రసీదులు తెచ్చుకునేవారు.

దీని మీద ఫిర్యాదులు వెళ్ళాయి. ఉమ్మడి సమావేశం జరిగింది. చెవి పరిపాలన మీద ఆ రోజు జరిగినంత లోతైన చర్చ మా జిల్లా చరిత్రలో జరగలేదు.

“రహదారి భద్రత దృష్ట్యా చెవి అనునది ముఖ్యముగా వాహన భాగము” అన్నారు పరబ్రహ్మం గారు.

“శరీరానికి అతికి ఉన్నంతకాలం అది మా శాఖదే” అన్నారు వకుళాదేవి గారు.

ఇద్దరూ గౌరవనీయులే కనుక చివరికి ఒప్పందం కుదిరింది. మనిషికి దేవుడు రెండు చెవులిచ్చాడు. శాఖలూ రెండే. ఎడమ చెవి ఆరోగ్య శాఖ పరిధిలోకి వస్తుంది, అది మూసి ఉండాలి. కుడి చెవి రవాణా శాఖ పరిధిలోకి వస్తుంది, అది తెరిచి ఉండాలి. ఇరువురు అధికారులూ శాలువాలు కప్పుకున్నారు.

ఈ ఏర్పాటు పది రోజులు కూడా నిలవలేదు. ఒక చెవి మూసుకుని నడిపేవాడికి ప్రతి హారనూ కుడివైపు నుంచే వచ్చినట్టు ఉంటుంది. కుడివైపు నుంచి బండి వస్తోందనుకుని అందరూ ఎడమకి తప్పుకోవడం మొదలుపెట్టారు. బైపాసుకి ఎడమ పక్కన పంట కాలువ ఉంది. అందులో దిగినవాళ్ళు ఈదగలిగినవాళ్ళే కావడం వల్ల ప్రాణనష్టం జరగలేదు. జిలానీ కాలువలో పడలేదు గానీ, కుడి చెవిలో ఈల మళ్ళీ మొదలైంది. వాయించేటప్పుడు తెలియకుండానే తల ఎడమకి వాల్చడం అలవాటైంది.

“ఏందబ్బాయ్, మెడ పట్టేసిందా?” అన్నాడు రాఘవులు.

“చెవి మామా.”

“ఆ?”

“చెవీ!”

“రవ్వా? ఇప్పుడేడ దొరుకుద్ది? ఇంటికి పోయాక ఉప్మా చేయించుకుందువులే” అన్నాడు రాఘవులు.

నలభై ఏళ్ళుగా డోలు చంకన ఉన్న మనిషి. అతని చెవులు ఎప్పుడో డోలుకి అంకితమైపోయాయి. దానికి జిలానీ అలవాటు పడ్డాడు. వాయించేటప్పుడు మాత్రం రాఘవులు, జిలానీ ఊపిరి ఎక్కడ తీస్తాడో, ఎక్కడ వదులుతాడో కళ్ళతో చూసి పట్టుకునేవాడు. ఒక్క దెబ్బ తప్పేది కాదు.

రెండో సమావేశం జరిగింది. ఈసారి పరబ్రహ్మం గారు బాగా ఆలోచించుకుని వచ్చారు. నడిపేవాడు రెండు చెవులూ మూసుకోవచ్చన్నారు. వకుళాదేవి గారు ఆశ్చర్యపోయారు. “అయితే వినుట అనే బాధ్యత రద్దు కాజాలదు. దానిని వెనుక సీటుకి బదిలీ చేస్తున్నాము” అన్నారు ఆయన.

అలా ‘వెనుక శ్రోత’ పథకం పుట్టింది. ప్రతి ద్విచక్ర వాహనం మీదా చోదకుడి వెనక, ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన శ్రోత ఒకరు తెరిచిన చెవులతో కూర్చోవాలి. కుడి నుంచి హారన్ వినపడితే చోదకుడి కుడి భుజం తట్టాలి. ఎడమ నుంచి వస్తే ఎడమ భుజం. అంబులెన్సుకి నెత్తి మీద ఒక దెబ్బ. ప్రభుత్వ అధికారి వాహనం వస్తున్నట్టయితే రెండు భుజాలూ గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు చోదకుడు బండి పక్కకి ఆపి, దిగి, గౌరవసూచకంగా నిలబడాలి. ఈ చివరి సంకేతం పరబ్రహ్మం గారు స్వయంగా చేర్చారు.

శ్రోత చెవులకి గాలి తగలదా అని వకుళాదేవి గారు అడిగారు. ఆ అంశాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు.

పథకం ప్రారంభోత్సవంలో మొట్టమొదటి శ్రోత ధ్రువపత్రాన్ని పరబ్రహ్మం గారే, చప్పట్ల మధ్య, తమకి తామే అందించుకున్నారు. ఊళ్ళో చాలామందికి కొత్త ఉపాధి దొరికింది. ఇంట్లో ఖాళీగా కూర్చునే పెద్దవాళ్ళు శ్రోతలుగా బండ్లెక్కి ఊరంతా తిరగసాగారు. కాపురాల్లో కూడా కొంత మార్పు వచ్చింది. భార్య వెనక కూర్చుని తడుతుంటే అది హారన్ గురించో, దాటిపోయిన చీరల కొట్టు గురించో తెలియక మగవాళ్ళు ప్రతి దుకాణం ముందూ ఆగేవారు.

రాఘవులు పరీక్షకి వెళ్ళాడు. రవాణా కార్యాలయంలో ఒక గదికి ఆ చివర సువార్తరావు, ఈ చివర గోడకి తిరిగి రాఘవులు. సువార్తరావు ఉత్తర్వు ప్రకారం నెమ్మదిగా, “మామిడి పండు” అన్నాడు.

రాఘవులు ఆలోచించాడు. “మా తమ్ముడి పెండ్లా? వాడికి మనవలు కూడా ఉండారు గద సార్.”

ఇంకో అవకాశం ఇచ్చారు. “బెండకాయ” అన్నాడు సువార్తరావు.

“పెండ్లేనయా అంటారా? అయితే కబురుజేస్తాలే” అన్నాడు రాఘవులు.

ఫలితాన్ని కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు. ‘అభ్యర్థి శ్రవణమునకు అనర్హుడు.’

దాంతో వెనక సీటు రాఘవులుది కాకుండా పోయింది. ముగ్గురెక్కితే అది మరో నేరం. జిలానీ ఒక శ్రోతని కుదుర్చుకుని బండి మీద వెళ్ళేవాడు, రాఘవులు డోలు పట్టుకుని బస్సెక్కేవాడు. ఇతను మండపం చేరేసరికి అతను ఇంకా ఏదో ఊరి సెంటర్లో నిలబడి ఉండేవాడు. ఒక పెళ్ళిలో డోలు లేకుండానే సూత్రం కట్టించేశారు. పెళ్ళివారు అలిగారు. ఇంకో రెండు పిలుపులు వేరే మేళానికి పోయాయి.

ఒక సాయంత్రం రాఘవులు జిలానీ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

“అబ్బాయ్, ఇంకో డోలోణ్ణి జూసుకో” అన్నాడు.

జిలానీ తల అడ్డంగా తిప్పాడు.

“నా మాటిను. చెవులు పోయినయ్యని నాకూ తెలుసు, నీకూ తెలుసు. అయినా ఇన్నాళ్ళూ జరిగిపోయిందిగా. ఇప్పుడు సర్కారోళ్ళు ముద్దరేసి మరీ చెప్పారు. ముద్దర పడ్డంక మండపంలో కూకుంటే సిగ్గుగా ఉండాది రా.”

జిలానీ అతని దగ్గరగా జరిగి, మొహంలో మొహం పెట్టి, పెదాలు కనపడేట్టు చెప్పాడు. “నువ్వు లేంది నేను వాయించను మామా.”

రాఘవులుకి ఆ మాట వినపడిందో, కనపడిందో, పై కండువాతో మొహం తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పరబ్రహ్మం గారి అమ్మాయి పెళ్ళి కుదిరింది. జిలానీ మేళం తప్ప వేరేది వద్దని పెళ్ళికూతురి అమ్మమ్మ పట్టుబట్టింది. పెళ్ళి బైపాసు అవతల ఫంక్షన్ హాల్లో. ముహూర్తం పొద్దునపూట. మేళగాళ్ళిద్దరూ వేళకి ఉండాలని పరబ్రహ్మం గారు తామే ఫోన్ చేసి చెప్పారు.

పెళ్ళిరోజు పొద్దున రాఘవులు ఎక్కాల్సిన బస్సు ఎంతకీ రాలేదు. జిలానీ ఇంక ఆగలేకపోయాడు. శ్రోతని ఇంటికి పంపేశాడు.

“ఎక్కు మామా. అయ్యేదవుద్ది” అన్నాడు.

అయింది. బైపాసు దగ్గర సువార్తరావు చెయ్యెత్తాడు.

“శ్రోత ధ్రువపత్రం చూపెట్టు.”

“సార్, మీ ఆఫీసరు గారింట్లో పెళ్ళికే పోతన్నాం.”

“పెళ్ళి ఎవరిదైనా ధ్రువపత్రం ఉండాల. ఆయన రాసిన రూలే.”

అది పెళ్ళిళ్ళ రోజు. శ్రోతలు దొరక్క ఊరు ఊరంతా నిలిచిపోయింది. జిలానీ వెనక బండ్లు, బండ్ల వెనక ఆటోలు, ఆటోల వెనక కార్లు. ఆ కార్లలో ఒకటి పరబ్రహ్మం గారిది. పెళ్ళికొడుక్కి పెట్టాల్సిన మధుపర్కాలు ఇంట్లో మరిచిపోతే తేవడానికి వచ్చి, తిరిగి వెళుతూ ఇరుక్కున్నారు. పట్టుపంచె, కండువా, చంకలో మధుపర్కాల సంచీ. కారు ముందుకీ కదలదు, వెనక్కీ కదలదు. ఫంక్షన్ హాల్ నుంచి భార్య ఫోన్ మీద ఫోన్.

“మేళం ఇంకా రాలేదండీ! మీరూ రాలేదు! పంతులు గారు కేకలేస్తున్నారు!”

దీనికంతటికీ కారకుడెవరో తేల్చుకుందామని పరబ్రహ్మం గారు కారు దిగి, పంచె ఎగ్గట్టి, బండ్ల మధ్య నుంచి ముందుకి నడిచారు. చివరికి వెళ్ళేసరికి సువార్తరావు సెల్యూట్ చేశాడు. అతని పక్కన జిలానీ. జిలానీ పక్కన డోలుతో రాఘవులు.

“వీళ్ళని వదులవయ్యా!” అన్నారు పరబ్రహ్మం గారు.

“వెనక ఆయన అనర్హుడు సార్. మినహాయింపు ఇవ్వాలంటే కమిటీ తీర్మానం ఉండాలి సార్. మీ ఉత్తర్వు సార్.”

పరబ్రహ్మం గారు చుట్టూ చూశారు. ఆపిన బండ్ల మీద ఉన్నవాళ్ళంతా చెవుల్లోంచి దూది తీసి మరీ వింటున్నారు. పది మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఇప్పుడు ఊరికే వదిలేస్తే రేపు ఊరంతా మినహాయింపు అడుగుతుందని ఆయనకి అర్థమైంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. “అభ్యర్థికి ఫలితముపై పునఃపరీక్ష కోరు హక్కు కలదు. నేను ఇక్కడే నిర్వహిస్తున్నాను.”

జిలానీ రాఘవులు భుజాలు పట్టుకుని అటు తిప్పాడు. పరబ్రహ్మం గారు నాలుగడుగులు వెనక్కి వేసి, లారీ హారన్ల మధ్య, పెదవి కదిలీ కదలనట్టు, “గట్టిమేళం” అన్నారు.

రాఘవులుకి ఒక్క ముక్క వినపడలేదు. కానీ ఇటు తిరిగేసరికి ఎదురుగా ఉన్నది పట్టుపంచెలో చెమటలు కక్కుతున్న పెళ్ళికూతురి తండ్రి.

“ఇంకేముందయ్యా, గట్టిమేళానికి టైమైపోతాందంటారు. అంతేగా?”

జనం ఈలలు వేశారు. సువార్తరావు సంచీలోంచి కాగితం తీసి నింపాడు. ‘అభ్యర్థి రద్దీలో సైతం ప్రశ్నను సంపూర్ణముగా ఆలకించి సరియగు సమాధానం ఇచ్చెను. చెవులు దివ్యముగా ఉన్నవి.’ పరబ్రహ్మం గారు సువార్తరావు వీపు మీద పెట్టి సంతకం చేశారు.

జిలానీ బండి దూసుకుపోయింది. పరబ్రహ్మం గారికి మిగిలింది సువార్తరావు డిపార్టుమెంటు బండి. సువార్తరావు నిబంధన ప్రకారం రెండు చెవుల్లో బిరడాలు బిగించి, హెల్మెట్ పెట్టుకుని, బండెక్కాడు. వెనక ధ్రువపత్రం పొందిన మొదటి శ్రోత, చెవులు తెరుచుకుని.

పరబ్రహ్మం గారు బండెక్కి ఎన్నేళ్ళయిందో. కారు అద్దాల వెనక ఉన్న రోడ్డు వేరు, ఈ రోడ్డు వేరు. గాలి చెవుల్లోకి ఈడ్చి కొడుతోంది. కుడి పక్కన ఒక లారీ వచ్చి ఒక్కసారిగా హారన్ మోగించింది. ఆయన సువార్తరావు రెండు భుజాలూ గట్టిగా పట్టేసుకున్నారు.

సువార్తరావు వెంటనే బండి పక్కకి తీసి ఆపాడు. దిగాడు. నిటారుగా నిలబడి రోడ్డుకి సెల్యూట్ చేశాడు.

“ఎవరూ రాలేదయ్యా! పోనీ!” అరిచారు పరబ్రహ్మం గారు. బిరడాలు, హెల్మెట్, లారీల మోత కలిసి సువార్తరావుకి అది వినపడలేదు. వచ్చే అధికారి కోసం తగినంతసేపు ఎదురుచూసి, మళ్ళీ బండెక్కాడు. ఇంకో లారీ వచ్చింది. భుజాల మీద మళ్ళీ చేతులు పడ్డాయి. ఫంక్షన్ హాల్ చేరేలోగా సువార్తరావు అలా ఎన్నిసార్లు దిగి నిలబడ్డాడో లెక్కలేదు. ఒకసారి మాత్రం నిజంగానే ఒక తహసీల్దారు గారు అటు వెళ్ళి, చాలా సంతోషించారు.

పరబ్రహ్మం గారు మండపంలోకి అడుగు పెట్టేసరికి జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. జిలానీ, రాఘవులు అప్పటికే వాయిస్తున్నారు. హాలు దద్దరిల్లుతోంది. ఆయన భార్య పక్కన కూర్చుని కోపంగా అడిగారు.

“మేళం మొదలెట్టలేదేం?”

ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. పంతులు గారు సంకల్పం చెబుతూ, “గోత్రం?” అని అడిగారు.

“ఆత్రమేం లేదు, నిదానంగా కానివ్వండి” అన్నారు పరబ్రహ్మం గారు.

చివరికి పెళ్ళి సవ్యంగానే జరిగింది. గట్టిమేళం పడాల్సిన క్షణంలో పడింది. రాఘవులు జిలానీ ఊపిరి మీద కళ్ళు పెట్టి వాయించాడు. జిలానీ తల నిటారుగా పెట్టి వాయించాడు. పెళ్ళికూతురి అమ్మమ్మ కళ్ళు ఒత్తుకుంది. భోజనాల దగ్గర వకుళాదేవి గారు పరబ్రహ్మం గారి చెవిలోకి ఫోన్ లైటు వేసి చూశారు.

“గాలి దెబ్బ. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఈసారి ఎక్కితే బిరడాలు పెట్టుకోండి. హారన్లు అవే వినపడతాయి.”

“ఈ ముక్క మొదటి సమావేశంలోనే చెప్పి ఉండాల్సింది” అన్నారు పరబ్రహ్మం గారు, కాస్త గట్టిగా.

“చెప్పే సమయానికి మనం చెవులు పంచుకుంటున్నాం” అన్నారు ఆవిడ, ఇంకా గట్టిగా.

ఆ తర్వాతి సమావేశం చాలా క్లుప్తంగా ముగిసింది. బండి మీద పాటలు వినకూడదు, బిరడాలు పెట్టుకుంటే మంచిది, వెనక ఎవరు కూర్చోవాలో బండి గలవాడి ఇష్టం. ఇంత సూటిగా ఉన్న ఉత్తర్వు మా జిల్లాలో అంతకుముందు రాలేదు. అందువల్ల చాలామంది అది నకిలీదనుకున్నారు.

జిలానీకి చెవిలో ఈల పూర్తిగా పోలేదు గానీ, బాగా సన్నబడింది. శ్రుతిలోకి మాత్రం రావడం లేదు.

రాఘవులుకి ఒక వినికిడి మిషను ఇప్పిద్దామని వకుళాదేవి గారే పూనుకున్నారు. ఆరోగ్య శాఖ వారు ఉచితంగా ఇస్తున్నారు. దరఖాస్తు వెళ్ళింది, తిరిగి వచ్చింది. ‘అభ్యర్థి చెవులు దివ్యముగా ఉన్నవని రవాణా శాఖ ధ్రువీకరించి ఉన్నందున తిరస్కరించడమైనది.’ జిలానీ అతన్ని వెంటబెట్టుకుని పరబ్రహ్మం గారి దగ్గరికి పోయాడు.

“ఆ కాయితం రద్దు చెయ్యండి సార్.”

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “రద్దు చేయాలంటే పరీక్ష తప్పని ఒప్పుకోవాలి. పరీక్ష తప్పయితే ఆ రోజు ఈయన బండెక్కడం నేరం. నేరం చేసి వచ్చిన మేళంతో మా అమ్మాయి పెళ్ళి జరిగినట్టవుతుంది. మా వియ్యంకుడు అసలే వకీలు. ఇది ఎక్కడికి పోతుందో నాకే తెలియదు జిలానీ.” ఆయన నిజంగానే బాధపడ్డారు.

“ఏమంటన్నాడు?” అన్నాడు రాఘవులు.

“నీ చెవులు బాగున్నయ్యంట మామా!”

“ఆ! ఇప్పటికన్నా ఒప్పుకున్నారు” అని రాఘవులు చేతులెత్తి నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

మరుసటి వారం ఏదో ఊళ్ళో పెళ్ళి. జిలానీ బిరడాలు పెట్టుకుని బండి తీశాడు. రాఘవులు డోలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుని, తమ్ముడి మనవడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఏదో గొణుగుడు తప్ప జిలానీకి అందలేదు. కాసేపటికి జిలానీ ఆ రోజు వాయించాల్సిన పల్లవి గురించి చెప్పసాగాడు. అది రాఘవులుకి వినపడలేదు. ఊరు చేరేదాకా ఇద్దరూ ఆపకుండా, చాలా ఇష్టంగా మాట్లాడుకుంటూనే వెళ్ళారు.